ముడి వేయని రఫూ

పటాన్‌చెరు బస్టాండు వెనక గల్లీలో, చెప్పుల దుకాణానికీ ఫోన్లు బాగుచేసే కొట్టుకీ మధ్య, మనిషి కాళ్ళు చాపితే ఎదుటి గోడ తగిలేంత జాగా ఒకటుంది. జహూర్ జీవితం చాలావరకు ఆ జాగాలోనే గడిచింది. పైన రేకు బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో ఒకటే మాట ఉంటుంది: రఫూ. చిరిగిన బట్టను, అసలు చిరగనే లేదేమో అనిపించేటట్టు బాగుచేయడం ఆయన పని. అది దర్జీ పని కాదు. బట్ట లోపలి మడతలోంచి అదే రంగు పోగులు లాగుతాడు. సన్నసూదితో ఒకసారి పడుగు మీదుగా, ఒకసారి పేక కిందుగా దాటిస్తూ, పోయిన చోట మళ్ళీ బట్టను నేస్తాడు.

పని నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన నేర్పిన పాఠాల్లో జహూర్‌కు అన్నిటికన్నా గట్టిగా పట్టుబడింది ఒకటుంది. చిరుగు అంచుల్ని కత్తిరించకూడదు. తెగిన పోగులు ఎంత చిందరవందరగా ఉన్నా వాటిని లోపలికి పడుకోబెట్టి, వాటి మీదుగానే కొత్త పోగులు నడపాలి. "అవి గూడ ఆ బట్టయే బేటా," అనేవాడు నాన్న. "దెబ్బ తిన్నయని బయట పారేస్తమా?"

ఒకప్పుడు ఆ కొట్టు ముందు మనుషులు నిలబడి ఎదురుచూసేవారు. హైవే పక్కన ఉన్న పెద్ద వ్యవసాయ పరిశోధనా క్షేత్రం నుంచి విదేశీ శాస్త్రవేత్తలు పురుగు కొట్టిన ఉన్ని కోట్లు తెచ్చేవారు. ఫ్యాక్టరీ ఆఫీసర్లు సిగరెట్టు కాలిన ప్యాంట్లు తెచ్చేవారు. పెళ్ళిళ్ళ కాలంలో అయితే మేకుకు తగులుకున్న బనారసు చీరలకు లెక్కే లేదు. ఇప్పుడు చిరిగితే పారేస్తున్నారు, లేదా చిరిగినవే కొనుక్కుంటున్నారు. ఆ మధ్య ఒకావిడ కూతురి జీన్స్ ప్యాంటు తెచ్చి రెండు మోకాళ్ళూ బాగుచేయమంది. జహూర్ వారమంతా కూర్చుని, వేలితో తడిమినా తెలియనంత బాగా చేశాడు. మర్నాడు ఆ పిల్ల కొట్టు ముందుకొచ్చి, చిరుగులు తిరిగి ఇమ్మని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ముచ్చట ఆయన భార్య ఫకృన్నీసాకు తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన ఏ తప్పు చేసినా అదే ముందుకు వస్తుంది.

కొడుకు జీషాన్ మందుల కంపెనీలో ఆపరేటరు. తండ్రి మీద ప్రేమ ఉన్నవాడే. అందుకే ఒకరోజు భోజనం దగ్గర నెమ్మదిగా మాట ఎత్తాడు.

"అబ్బా, మా కంపెనీ గేటు కాడ మనిషి కావాల్నంట. కూసొని చేసే పని. వచ్చే బండ్లను చూసుడు, పంపుడు. సార్‌తోని మాట్లాడిన."

"నేనిప్పుడు నిలబడి చేస్తున్ననారా?"

"గట్ల కాదు అబ్బా. మీ కండ్లు చూసుకోండ్రి. కొట్టు కిరాయి చూసుకోండ్రి. రోజుకు ఒక్క గిరాకీ గూడ వస్తలేదు."

జహూర్ అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. కొడుకు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అబద్ధం ఉంటే కోప్పడి ఉండేవాడు.

సరిగ్గా ఆ వారమే హరిచందన వచ్చింది. పటేల్‌గూడలో ఉంటారు వాళ్ళు. తండ్రి భీమశంకరం కోనసీమ నుంచి ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. ఆయన పెళ్ళినాటి కోటుకు రెండుసార్లు రఫూ చేసింది జహూరే. ఆ అమ్మాయి ఇప్పుడు సినిమాల్లో దుస్తుల పని చూస్తోంది. దగ్గరలో మూతపడ్డ దారపు మిల్లులో యుద్ధం సినిమా ఒకటి తీస్తున్నారని, పల్లెటూరి కుర్రాళ్ళు సైన్యంలో చేరి, శిక్షణలో నలిగి, యుద్ధానికి వెళ్ళి చనిపోయే కథ అని చెప్పింది.

"మీ చెయ్యి కావాలి చాచా. మా దగ్గర సైనికుల చొక్కాలున్నాయి. వాటికి తూటా తగిలిన చిల్లులు పెట్టాలి."

"చిల్లులు పూడ్చాల్నా?"

"కాదు, పెట్టాలి."

జహూర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నీకు దొరికిన మనిషి నేనేనా బిడ్డా?"

"చిరుగు ఎలా ఉంటుందో మీకన్నా ఎక్కువ చూసినవాళ్ళు ఎవరున్నారు?" అందా అమ్మాయి. "పని నచ్చితే సినిమా అయ్యేదాకా ఉంటుంది. తర్వాత కూడా నేను వేరేచోట్ల చెప్తాను."

ఆ సాయంత్రం జహూర్ కొడుకుతో ఒప్పందానికి వచ్చాడు. సినిమా పని చివరిదాకా నిలబడితే కొట్టు ఉంటుంది. మధ్యలో పొమ్మంటే ఆ మర్నాడే గేటు దగ్గరికి పోతాడు, బోర్డు దింపేస్తాడు, ఇక ఆ మాట ఎత్తడు. జీషాన్ సరేనన్నాడు. ఫకృన్నీసా మాత్రం వంటింట్లోంచి, "ఆ జీన్స్ పిల్ల సంగతి ఆమెకు చెప్పిండ్రా?" అని అడిగింది.

మొదటి చొక్కా ముందు జహూర్ చాలాసేపు ఉత్తిగా కూర్చున్నాడు. ఏ మచ్చా లేని ఆకుపచ్చ గుడ్డ. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టడం ఆయనకు చేతకాలేదు. కత్తెర విప్పాడు, మూశాడు. హరిచందన చూసి నవ్వకుండా, "కత్తెర వద్దు చాచా," అంది. లోపలివైపు నుంచి గరుకు కాగితంతో రుద్ది పోగుల్ని పలచబరచాలి. దాని వెనక రంగు సంచి, సంచికి సన్న గొట్టం. సమయానికి గాలి వదిలితే సంచి పగిలి, బలహీనమైన చోట బట్ట దానంతటదే చీలుతుంది. ఆ పద్ధతి విన్నాక ఆయనకు కాస్త ఊపిరి ఆడింది. చింపేది తను కాదు. చిరగడానికి దారి చూపిస్తాడు, అంతే. ఆ తేడా పెద్దది కాదని ఆయనకూ తెలుసు. అయినా ఆ తేడా పట్టుకునే పని మొదలుపెట్టాడు.

మిల్లు ఆవరణలో అప్పటికే శిక్షణ సన్నివేశాలు తీస్తున్నారు. సైనికులుగా వేసేవాళ్ళంతా ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళే. ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు, డిగ్రీ అయి ఖాళీగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు కవాతు నేర్పడానికి బాలరాజ్ అనే విశ్రాంత హవల్దారును పెట్టారు. ఆయన నిజంగా యుద్ధభూమిలో ఉండి వచ్చిన మనిషి. సన్నగా, ఎండిన కట్టెలా ఉంటాడు. గొంతు మాత్రం ఆవరణ ఆ చివరిదాకా వినిపిస్తుంది.

"మోచేతులు నేలకు ఆనాలె. నీ పెండ్లి పరుపు కాదురా అది, లేపకు నడుము."

కుర్రాళ్ళు కంకర మీద మోచేతులతో పాకుతూ పోయేవారు. తుపాకీలు తలమీద ఎత్తి ఎండలో పరుగెత్తేవారు. ఒకడు కక్కుకుని కూలబడితే, వాడు లేచేదాకా మిగిలినవాళ్ళంతా ఒంటికాలి మీద నిలబడాలి. కెమెరా ఆగినా బాలరాజ్ ఆగేవాడు కాదు. జహూర్ వరండాలో కూర్చుని, రోజూ సాయంత్రం తిరిగివచ్చే చొక్కాలను చూసేవాడు. వారం తిరిగేసరికి మొహం చూడకుండానే ఏ చొక్కా ఎవరిదో చెప్పగలిగాడు. ఒకడిది కుడి మోచెయ్యి ముందు అరుగుతుంది. ఒకడు చెమటను భుజానికి తుడుచుకుంటాడు. ఒకడు బొత్తాలు తెంపుకుని వస్తాడు. కొత్తగా గంజి పెట్టినట్టు వచ్చిన చొక్కాలు మెల్లగా మనుషుల ఆకారంలోకి వచ్చాయి.

అందులో మహేంద్రది వేరు. వాడిది కొండాపూర్ దగ్గర ఒక ఊరు. సైన్యంలో చేరాలని రెండుసార్లు పరుగు పరీక్ష దాకా పోయాడు. రెండుసార్లూ ఎత్తు చాలదని వెనక్కి పంపారు. సినిమాలో వాడికి మాటలు కొన్ని ఉన్నాయి, చావు ఒకటి ఉంది. రోజంతా మట్టిలో దొర్లినా సాయంత్రం చొక్కా మడతపెట్టి రెండు చేతుల్తో ఇచ్చేవాడు.

"చాచా, కాలర్ కాడ కుట్టు జెర ఊడిపోయింది. నా తప్పే."

"నువ్వు చింపనీకే కదరా వచ్చింది."

"అయినా గానీ చాచా. అసలైంది కాకపోతేంది, అంగి అంగే కదా."

యుద్ధం తీసిన రోజు జహూర్ మొదటిసారి కెమెరా వెనక నిలబడి చూశాడు. గోడలు కూలగొట్టిన మిల్లు షెడ్డులోకి పొగ వదిలారు. కుర్రాళ్ళు అరుచుకుంటూ పరుగెత్తారు. ఒకడు గాలిలోకి లేచి పడ్డాడు. ఒకడు కాలు పట్టుకుని అమ్మను పిలుస్తున్నాడు. ఆ పొగలోంచి మహేంద్ర ముందుకొచ్చాడు. వాడి ఛాతీ మీద, జేబుకు కాస్త పైన, జహూర్ స్వయంగా పలచబరచిన చోట చొక్కా చీలి ఎర్రటి రంగు చిమ్మింది. వాడు ఆశ్చర్యపోయినట్టు కిందికి చూసుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. జహూర్ తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాడు. ఎవరో భుజం పట్టి ఆపారు.

కట్ చెప్పగానే మహేంద్ర లేచి, "చాయ్ ఉందా అన్నా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. జహూర్‌కు మాత్రం నవ్వు రాలేదు. పక్కకు చూస్తే బాలరాజ్ షెడ్డుకు వీపు పెట్టి, మిల్లు గేటు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. సన్నివేశం మొదలైనప్పటి నుంచీ అట్లాగే ఉన్నట్టున్నాడు.

తర్వాత షూటింగ్‌కు కొన్ని రోజులు విరామం. హీరోకు వేరే ఊళ్ళో పని ఉందట. హరిచందన బూట్లు తేవడానికి నగరానికి పోయింది. సామాన్ల గదిలో వాన నీళ్ళు కారుతుండటంతో, సినిమాలో చనిపోయిన ఐదుగురి చొక్కాలూ బుట్టలో పెట్టుకుని జహూర్ ఇంటికి తెచ్చాడు. తడవకుండా ఉంచుదామనే తెచ్చాడు. కానీ ఇంటికొచ్చి బుట్ట దించి వాటిని చూశాక ఆయన చేతులు ఊరుకోలేదు.

ఆయన ఆలోచనలో తప్పేమీ కనిపించలేదు. యుద్ధం తీయడం అయిపోయింది. ఆ ఐదుగురూ చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళతో సినిమాకు మళ్ళీ పనేముంటుంది? చొక్కాలు ఎవరివో, ఎక్కడివో, వాపసు ఇవ్వాల్సినవే కావచ్చు. చిరిగిన బట్ట జహూర్ చేతికి వచ్చి, చిరిగినట్టే తిరిగిపోయిన రోజు ఇంతవరకు లేదు. ముందు మహేంద్ర చొక్కా తీసుకున్నాడు. జేబు మీద చిరుగు నక్షత్రంలా విచ్చుకుని ఉంది. అంచులు లోపలికి పడుకోబెట్టాడు. కింది మడతలోంచి పోగులు లాగాడు. కిటికీ దగ్గర వెలుతురు ఉన్నంతసేపు కూర్చున్నాడు.

పని అయ్యాక చొక్కాలను భార్యకు ఇవ్వబోయాడు. "నీసా, ఇవి జెర నానబెట్టు."

ఫకృన్నీసా చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్ట."

"రక్తం కాదే. రంగు. చక్కెర పాకం కలుపుతరట."

"నాకు ఎరుకే. చీమలు పట్టినయ్ చూడండ్రి. రక్తానికైతే గిన్ని చీమలు వస్తయా? అయినా నా బకెట్ల వద్దు. చచ్చినోళ్ళ బట్టలు ఉతికి ఎండేస్తే గల్లీవాళ్ళు ఏమనుకుంటరు?"

"సినిమా చావు గదనే."

"కండ్లకు తెలుస్తదా సినిమానా కాదా అని?" అని ఆమె బియ్యం ఏరుకోవడానికి పోయింది. చొక్కాలు మచ్చలతోనే, చిరుగులు మాత్రం లేకుండా, బుట్టలోకి వెళ్ళిపోయాయి. ఆ బకెట్టు పట్టింపు తనను ఎంత కాపాడబోతోందో జహూర్‌కు అప్పుడు తెలియదు.

విరామం అయిన రోజు పొద్దున బుట్ట తీసుకుని సంతోషంగా మిల్లుకు వెళ్ళాడు. మేకప్ కుర్చీలో మహేంద్ర కూర్చుని ఉన్నాడు. మొహానికి మసి పూస్తున్నారు. జహూర్‌కు అర్థం కాలేదు.

"నువ్వెందుకు వచ్చినవ్‌రా? నువ్వు చచ్చిపోయినవ్ గదా."

"ఇయ్యాల మళ్ళ చావాలె చాచా. రేపు గూడ. దూరం నుంచి తీసిండ్రంట, ఇప్పుడు దగ్గర నుంచి తీస్తరట. నేను పడ్డంక దోస్తు నన్ను మోసుకపోయేది గూడ ఉంది."

జహూర్ చేతుల్లో బుట్ట బరువెక్కింది. అప్పుడే హరిచందన వచ్చి పైచొక్కా తీసుకుంది. జేబు దగ్గర వేలు పెట్టింది. చొక్కాను తిప్పి చూసింది, లోపల చూసింది, మళ్ళీ బయట చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది.

"చాచా, ఇది వేరే చొక్కానా?"

"లేదు బిడ్డా. అదే. బాగుచేసిన."

"ఐదూ చేశారా?"

ఆయన తలూపాడు. ఆమె చొక్కాను తిరిగి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. మొన్న చీలినట్టే చిరుగు ఉండాలి. అదే ఆకారం, అదే పొడవు. లేకపోతే తెరమీద ఒక క్షణం ఒక చిల్లు, మరుక్షణం ఇంకో చిల్లు కనిపిస్తుంది. ఇప్పుడు కొత్తగా చింపితే అలా రాదు. ఈ మాట నేను మీకు ముందే చెప్పి ఉండాల్సింది, అంది.

సినిమా నిర్మాణం పనులు చూసే సుధీర్ వెనకాలే నిలబడి అంతా విన్నాడు. "బాగుంది. ఊరంతా డబ్బు తగలేసి మేం చంపుతుంటే, ఈయన ఇంట్లో కూర్చుని బతికిస్తున్నాడు." అటూ ఇటూ చూసి, "దర్శకుడు వచ్చేలోపు తేల్చండి. లేదంటే చాచాకు ఈ పూటతో సలాం. నీ సంగతి కూడా ఆయనే చూస్తారు, చందనా," అని వెళ్ళిపోయాడు.

జహూర్‌కు మందుల కంపెనీ గేటు కళ్ళముందు కనిపించింది. నీలం చొక్కా వేసుకుని, వచ్చే లారీల నంబర్లు చూస్తూ తను. బోర్డు దింపి గోడకు ఆనించి ఉంటుంది. తనవల్ల ఆ పిల్ల కూడా పని పోగొట్టుకుంటుంది. భీమశంకరం మొహం ఎట్లా చూడటం? వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా ఒళ్ళో ఉంది. అలవాటుగా దాన్ని తిరగేసి లోపలివైపు చూశాడు.

అక్కడ పడుకుని ఉన్నాయి. తెగిన పోగులన్నీ, ఒక్కటీ పోకుండా, తను నేసిన పోగుల కింద.

"బిడ్డా," అన్నాడు. "నేను పాత అంచులు కోయలే, మచ్చలు ఉతకలే. పైన నేసింది విప్పితే కింద అదే చిరుగు ఉంటది. నేను పెట్టిన పోగులే తీస్త. వేరేవి ముట్ట."

"ఎంతసేపు పడుతుంది?"

"నేసినంత సేపు పట్టదు. కానీ చెయ్యి వణకొద్దు. ఒక్క పోగు తప్పు లాగినా చిరుగు పెరుగుతది."

"ముందు మహేంద్రది చేయండి. మిగతావి మధ్యాహ్నానికి కావాలి." ఆమె ట్యాబ్‌లో మొన్నటి ఫోటోలు తెరిచి ఆయన పక్కన నిలబెట్టింది. మసి మొహంతో మహేంద్ర కూడా వచ్చి కింద కూర్చున్నాడు.

జహూర్ సూది మొనతో మొదటి పోగు పట్టుకున్నాడు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి. తన జీవితంలో ఎప్పుడూ తను చేసిన రఫూను తనే విప్పలేదు. అప్పుడు ఎదురుగా ఎవరో కూర్చుని చొక్కా రెండు వైపులా బిగువుగా పట్టుకున్నారు. బాలరాజ్. ఆయన పట్టుకున్నాక గుడ్డ చలించలేదు.

"మీరు పోగు చూడండ్రి భాయ్. నేను పట్టుకుంట."

ఒక్కో పోగూ మెల్లగా బయటికి వస్తోంది. నక్షత్రం ఒక కాలు, తర్వాత ఇంకో కాలు విచ్చుకుంటోంది. బాలరాజ్ చిరుగు వైపు చూడటం లేదు. జహూర్ తల మీదుగా, ఎక్కడో మిల్లు పొగగొట్టం వైపు చూస్తున్నాడు.

"మా దగ్గర ఒకడు ఉండె," అన్నాడు కాసేపటికి. "ఇంటికి పంపేముందు అంగి మార్చనీకి ఇంకోటి లేకుండె. మాకు సామాన్ల ఒక చిన్న సంచి ఇస్తరు, సూది, దారం, బొత్తాలు. దాంతోని కుట్టినం. నలుగురం ఉన్నం, ఒక్కనికీ కుట్టుడు రాదు. తల్లి చూస్తది గదా అని కుట్టినం."

జహూర్ చెయ్యి ఆగింది. "మంచిగ కుట్టిండ్రా?" అని అడిగాడు.

"లేదు భాయ్. వంకర టింకర." బాలరాజ్ ఆయన కళ్ళలోకి చూశాడు. "కానీండ్రి. ఇక్కడనైతే విప్పొచ్చు, మళ్ళ కుట్టొచ్చు. ఇది మంచి పని."

ఆ మాట తర్వాత జహూర్ చేతులు వణకలేదు.

దర్శకుడు వచ్చి కూర్చునేసరికి మహేంద్ర చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. హరిచందన ఫోటోను వాడి ఛాతీ పక్కన పెట్టి చూసింది. ఒక మూల, వెంట్రుకవాసి తేడాతో, చిరుగు ఎక్కువగా తెరుచుకుంది. అక్కడ జహూర్ ఒక పోగు వేసి దగ్గరకు లాగాడు. దర్శకుడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన ఒకసారి చూసి, "కానివ్వండి," అన్నాడు. మహేంద్ర మళ్ళీ చనిపోయాడు. ఈసారి జహూర్ ముందుకు అడుగు వేయలేదు గానీ, కళ్ళు మాత్రం మూసుకున్నాడు. మధ్యాహ్నానికి ముందే మిగిలిన నాలుగూ అయ్యాయి. సుధీర్ వచ్చి వాటిని లెక్కపెట్టుకుని, "చచ్చినవాళ్ళందరూ తిరిగి చచ్చారా?" అని అడిగి, చాచాకు ఒక చాయ్ పంపించి పోయాడు.

అంతటితో గండం గడిచిందని జహూర్ అనుకున్నాడు. కానీ చావులు తీయడం పూర్తయ్యాక హరిచందన మళ్ళీ వరండాలోకి వచ్చింది. ఈసారి కింద కూర్చుంది.

"చాచా, ఒకటి అడుగుతాను. యుద్ధానికి ముందు రోజు సన్నివేశం ఇంకా తీయలేదు. కుర్రాళ్ళంతా కూర్చుని రొట్టెలు పంచుకుంటారు. అప్పుడు చొక్కాలకు చిరుగు ఉండకూడదు. కొత్తవి తెప్పిద్దామనుకున్నాం. కానీ కొత్తవి కొత్తగానే కనిపిస్తాయి. మీరు చూశారుగా, వాళ్ళు ఆ మట్టిలో వారాలు పాకారు. ఆ మోచేతులు ఎక్కడ కొనుక్కొస్తాం?"

జహూర్‌కు సగంలోనే అర్థమైంది. "ఇవే మళ్ళ పూడ్చాల్నా?"

"పూడ్చాలి. ఆ తర్వాత దర్శకుడు చావు దగ్గర ఇంకో ముక్క కావాలంటే మళ్ళీ విప్పాలి, రంగు మేం ఫోటో చూసి పూసుకుంటాం. మీరు ఆ రోజు బాగుచేసిన చొక్కా నా చేతికి ఇచ్చినప్పుడు ఎక్కడ చిరిగిందో నాకే కనిపించలేదు. అప్పుడు భయమేసింది గానీ, ఇంటికెళ్ళాక అదే ఆలోచన."

జహూర్ చొక్కా చేతిలోకి తీసుకుని ఆలోచించాడు. ఈ రఫూ వేరుగా ఉండాలి. పోగు కొసల్ని లోపలికి నడిపి బిగించేస్తే మాటిమాటికీ విప్పడం కష్టం. కొసలు లోపలివైపు పొడవుగా వదిలేయాలి. ముడి వద్దు, బిగింపు వద్దు. ఒక పూట కెమెరా ముందు నిలబడగలిగితే చాలు. నాన్న చూస్తే తిడతాడు. తిట్టి, తర్వాత దగ్గరకు వచ్చి చూస్తాడు.

"చేస్త బిడ్డా. కానీ ఉతకాలె గదా. మచ్చలున్నయ్."

ఆ సాయంత్రం బుట్ట మళ్ళీ ఇంటికి వచ్చింది. జహూర్ విషయమంతా చెప్పాడు. ఫకృన్నీసా అంతా విని, "అంటే ఇప్పుడు ఈ పోరగాళ్ళు సచ్చిపోలేదా?" అని అడిగింది.

"ఇంకా లేదు. రొట్టెలు తింటుండ్రు."

"గట్లనైతే తెండ్రి. బతికినోళ్ళ అంగీలు ఉతకనీకి నాకేం?" బకెట్టు నిండా చల్లనీళ్ళు పట్టింది. వేడినీళ్ళు పోస్తే రంగు పట్టేసుకుంటుందని ఆమెకు పసుపు మరకల అనుభవం. నానబెట్టి, పిండకుండా, చేత్తో అద్ది అద్ది ఉతికింది. మర్నాడు పొద్దున గల్లీలో తీగమీద ఐదు ఆకుపచ్చ చొక్కాలు ఎండుతుంటే పక్కింటామె ఎవరైనా చుట్టాలు మిలిటరీ నుంచి వచ్చారా అని అడిగింది. "ఆ, వచ్చిండ్రు," అంది ఫకృన్నీసా. "అందరూ మంచిగున్నరు."

ఆ తర్వాత రోజుల్లో జహూర్ వాటిని పూడ్చాడు, విప్పాడు, మళ్ళీ పూడ్చాడు. మిల్లులో ఆయనకు 'బతికించే చాచా' అని పేరు పడింది. మొదట సుధీర్ వెటకారంగా అన్న మాటను లైట్లు మోసేవాళ్ళు పిలుపుగా చేసుకున్నారు. రొట్టెల సన్నివేశంలో మహేంద్ర తన భాగంలో సగం పక్కవాడికి తుంచి ఇస్తూ, ఊళ్ళో అమ్మ చేసే జొన్నరొట్టె గురించి చెబుతాడు. జేబు మీద చిరుగు లేదు. జహూర్ కెమెరా వెనక నిలబడి, ఈసారి కళ్ళు తెరిచి, మొదటి నుంచి చివరిదాకా చూశాడు. పక్కన బాలరాజ్ కూడా చూశాడు.

చివరిరోజు సామాన్లు లారీకి ఎక్కిస్తున్నారు. హరిచందన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి వచ్చింది. నగరంలో నాటకాలకూ సినిమాలకూ దుస్తులు అద్దెకిచ్చే పెద్ద దుకాణం ఒకటి ఉంది. పాత జరీ అంగీలు, రాజుల కోట్లు గుట్టలుగా పాడవుతున్నాయట. వాటిని జహూర్ దగ్గరికి పంపుతామన్నారు. కొట్టు ఎక్కడని అడిగారట.

"బస్టాండు వెనక గల్లీ అని చెప్పాను. బోర్డు ఉంటుందన్నాను. ఉంటుంది కదా చాచా?"

"ఉంటది."

అది చెప్పాక ఆయన బుట్టలోంచి మహేంద్ర చొక్కా తీశాడు. చివరి ముక్క కోసం పొద్దున్నే విప్పింది అది. నక్షత్రం తెరుచుకుని ఉంది. "ఇగ చావులేం లేవు గదా?"

"లేవు చాచా. అయిపోయింది. ఇక అది గోదాముకే పోతుంది. అలా ఉన్నా పర్వాలేదు."

"ఇంటికి తీస్కపోయి తెస్తనమ్మా. రేపు ఇస్త."

మర్నాడు ఆదివారం. కొట్టు తలుపు తెరిచి ఉంది. రాత్రి ఫకృన్నీసా ఉతికి ఆరేసిన చొక్కా జహూర్ ఒళ్ళో ఉంది. మహేంద్ర వచ్చి గడప మీద కూర్చున్నాడు. సైన్యం ఎంపికకు ఎత్తు ఎట్లాగూ పెరగదు గానీ, బాలరాజ్ సార్ దగ్గరే ఉండి, వచ్చే ఏడు పోటీకి వెళ్ళే పిల్లలకు పరుగు నేర్పుతానని చెబుతున్నాడు. సెలవు కాబట్టి జీషాన్ కూడా వచ్చాడు. తండ్రి పక్కన ఇరుక్కుని కూర్చుని, కళ్ళద్దాలు లేకుండా సూదిలోకి పోగు ఎక్కించి ఇస్తున్నాడు.

"అబ్బా, మా సార్‌కు ఏం చెప్పాల్నో చెప్పండ్రి. రేపు అడుగుతడు."

"నాకు తీరిక లేదని చెప్పు."

"గట్ల చెప్తే కోపానికి వస్తడు."

"గట్లనైతే రాజుల కోట్లు వస్తున్నయని చెప్పు."

జీషాన్ నవ్వి ఇంకో పోగు ఎక్కించాడు. జహూర్ ఆఖరి వరుస దాటించాడు. ఇన్నాళ్ళూ లోపల పొడవుగా వదిలేస్తూ వచ్చిన కొసల్ని ఈసారి ఒక్కొక్కటే తీసుకుని, బట్టలోకి వెనక్కి నడిపించి, బిగించి, మిగిలిన దారం కత్తిరించాడు. తర్వాత చొక్కాను మహేంద్రకిచ్చి, ఎక్కడ తగిలిందో చూపించమన్నాడు. మహేంద్ర వెలుతురుకు పట్టి, వేలితో తడిమి, తిరగేసి, మళ్ళీ తడిమాడు.

"దొరుకుతలేదు చాచా," అన్నాడు.